పలకరింపు లేని ఇల్లు

వాక్యభాగములు: ఆదికాండము 4:1–16, మార్కు 5:1–20

బైబిలు దగ్గరుంటే ఆదికాండము నాలుగో అధ్యాయం తెరవండి. మార్కు సువార్త ఐదో అధ్యాయంలో ఒక కాగితం పెట్టుకోండి, అక్కడికీ వెళ్ళాలి.

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక మా సంఘపు పెద్ద ఒకాయన, రిటైరైన హెడ్మాస్టరు, చేతిలో పేపరుతో నా దగ్గరికి వచ్చారు. ఆ ఒక్క రోజు పేపర్లోనే మూడు హత్యలు. కొడుకు తండ్రిని చంపాడు. భర్త భార్యను చంపాడు. ఒక కుర్రవాడు తనతో కలిసి తిరిగే స్నేహితుణ్ణే చంపాడు. "అయ్యగారూ, ఈ మనుషులకి ఏమైందండీ?" అని అడిగారు. నేను తడుముకోకుండా "అంత్యదినాలు కదండీ మాస్టారూ" అన్నాను. ఆయన తలూపి, పేపరు మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఇంటికెళ్ళి అన్నానికి కూర్చున్నాక ఆ జవాబు నాకే గొంతులో ముల్లులా తగిలింది. అంత్యదినాలన్న మాట అబద్ధం కాదు. కాని ఆ మాటను మనం దేనికి వాడుతున్నాం? పేపరు మడవడానికి వాడుతున్నాం. ఆ మాట అనేశాక ఇక మనం చేయవలసిన పనేమీ ఉండదు. మాస్టారు అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు, తప్పించుకున్నాను. అందుకే ఈ వేళ ఆ ప్రశ్ననే మీ ముందు పెడుతున్నాను. మాస్టారు కూడా ఇంట్లో రేడియో పెట్టుకుని వింటూ ఉంటారు.

కయీను కథ మనకు సండేస్కూలు నాటి నుంచి తెలుసు. బాగా తెలిసిన కథలో ఒక ఇబ్బంది ఉంది. మనం నేరుగా హత్య దగ్గరికి పరిగెత్తుతాం. హత్య ఎనిమిదో వచనంలో ఉంది. దాని ముందున్న ఐదు, ఆరు, ఏడు వచనాల దగ్గర కాస్త ఆగండి. అర్పణ అంగీకారం కాలేదు. కయీనుకు మహా కోపం వచ్చింది, ముఖం వాడిపోయింది. వాడిన ఆ ముఖాన్ని ఎవరు చూశారు? ఆదాము ఉన్నాడు, హవ్వ ఉంది. ఏం నాయనా అలా ఉన్నావని తండ్రి అడిగినట్టు గాని, తల్లి అన్నం ముందు పెట్టి అడిగినట్టు గాని అక్కడ లేదు. లేనిదాన్ని నేను కల్పించకూడదు, అడిగారేమో మనకు తెలియదు. ఉన్నది మాత్రం ఇది: అడిగినవాడు దేవుడు. ఎందుకు నీకు కోపం, ముఖం ఎందుకలా పెట్టుకున్నావు అని అడిగాడు. పాపం గుమ్మం దగ్గరే కాచుకుని ఉంది జాగ్రత్త అని కూడా చెప్పాడు. ఇదంతా ఇంకా రక్తం కారక ముందు. మనం దేవుణ్ణి హత్య జరిగాక వచ్చే పోలీసులా ఊహించుకుంటాం. ఆయనైతే ముఖం వాడిన రోజునే వచ్చాడు.

కయీను ఏం జవాబిచ్చాడు? వెతకండి, ఒక్క మాట కూడా లేదు. ఏడో వచనంలో దేవుని మాట ముగిసింది, ఎనిమిదో వచనంలో కయీను తమ్ముడితో మాట్లాడాడు, పొలంలో వాడి మీద పడ్డాడు. తన కోపం గురించి దేవునితో గాని మనుషులతో గాని అతడు నోరు విప్పినట్టు ఎక్కడా లేదు. లోపల లోపలే ఉడికింది. మాట రానిచోట చెయ్యి లేచింది.

తమ్ముడెక్కడని దేవుడు అడిగినప్పుడు, వాడికి నేను కాపలావాణ్ణా అన్నట్టు మాట్లాడాడు. ఆ మాట మనకు బాగా గుర్తు. మనం అంతగా పట్టించుకోనిది పదమూడో వచనం, పద్నాలుగో వచనం. శిక్ష విన్నాక అతడు దేనికి వణికిపోయాడో చూడండి. నేల నుంచి వెళ్ళగొట్టబడడానికి, దేవుని సన్నిధికి చాటవడానికి, ఏ ఊరూ తనదని చెప్పుకోలేక తిరగడానికి. ఇంత నేను మోయలేనన్నాడు. నేను సెమినరీలో చదివే రోజుల్లో హీబ్రూ పాఠంలో తెలుసుకున్నాను, కయీను వెళ్ళి కాపురమున్న నోదు దేశం పేరుకు అర్థమే తిరుగులాట. అక్కడ కాపురమున్నాడంటే తిరుగులాటలో కాపురమున్నాడన్నమాట. అయినా దేవుడు అతడికి ఒక గురుతు వేసి, వీణ్ణి ఎవరూ చంపకూడదన్నాడు. శిక్ష వేసిన చేతితోనే కాపాడాడు. తమ్ముణ్ణి చంపినవాణ్ణి కూడా దేవుడు పూర్తిగా తెంచి పారెయ్యలేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఇంగ్లండులో జరిగిన ఒక సంగతి చెబుతాను. మన పేపర్లలో హత్యలకు కొదువా, అంత దూరం ఎందుకు అనుకోవచ్చు. ఆ సంగతిలో చనిపోయిన ఆమె, చంపినవాడు, ఇద్దరూ ఒకరి మాట ఒకరికి తెలియకుండానే ఒకే జబ్బు గురించి మాట్లాడారు. అందుకని చెబుతున్నాను.

యార్క్‌షైర్ ప్రాంతంలో బర్‌స్టల్ అని ఒక చిన్న ఊరు. అదంతా ఒకప్పుడు ఉన్ని మిల్లుల ప్రాంతం. మన గుజరాత్ నుంచీ, అటు కాశ్మీర్ వైపు నుంచీ వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. 2015లో అక్కడినుంచి జో కాక్స్ అనే ఆమె పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఆ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన మనిషి. వాళ్ళ తాత పోస్ట్‌మాన్. చిన్నతనంలో తాతతో కలిసి ఉత్తరాలు పంచడానికి వెళ్ళేదట. కొన్ని ఇళ్ళ దగ్గర ఆయన నిలబడి కబుర్లు చెప్పేవాడు. ఆ రోజు మొత్తంలో ఆ ఇంటివాళ్ళు చూసే మనిషి ఈయనొక్కడే అని ఆ పిల్ల గ్రహించింది. తర్వాత కేంబ్రిడ్జిలో చదువుకు వెళ్ళి, మొదటిసారి చెల్లెలికి దూరమై, ఒంటరితనం ఎలా ఉంటుందో స్వయంగా అనుభవించింది. ఆ రెండూ ఆమె మరిచిపోలేదు. పార్లమెంటు సభ్యురాలయ్యాక, ఎదుటి పార్టీకి చెందిన మరో సభ్యురాలితో కలిసి, దేశంలో ఒంటరితనం మీద పనిచేయడానికి ఒక కమిషన్ ఏర్పాటు చేసే పనిలో ఉన్నారు.

2016 జూన్ 16, గురువారం మధ్యాహ్నం. ప్రజల కష్టసుఖాలు వినడానికి ఆమె బర్‌స్టల్ లైబ్రరీ దగ్గరికి వచ్చారు. వీధిలోనే ఒకడు ఆమెను తుపాకీతో కాల్చాడు, కత్తితో పొడిచాడు. ఆమెకు 41 ఏళ్ళు. ఇంటి దగ్గర ఐదేళ్ళ బాబు, మూడేళ్ళ పాప. అంత బాధలోనూ తనతో ఉన్నవాళ్ళను దూరంగా పొమ్మని, నన్ను కొడితే కొట్టనీ, మీ జోలికి రానివ్వకండి అన్న అర్థం వచ్చేలా చెప్పిందని కోర్టులో సాక్ష్యం వచ్చింది. ఆమెను కాపాడబోయిన 77 ఏళ్ళ పెద్దాయన ఒకరికి కూడా కత్తిపోటు తగిలింది. ఆయన ఒకప్పుడు బొగ్గుగనిలో పనిచేసినవాడు.

చంపినవాడి పేరు థామస్ మెయిర్. వయసు 52. అదే ఊరివాడు. అవ్వ దగ్గర ఉండేవాడు, 1996లో ఆమె పోయాక ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లో ఒక్కడే. భార్య లేదు, పిల్లలు లేరు, నిలకడైన ఉద్యోగం లేదు. నెమ్మదస్తుడు, మా పెరటి మొక్కల పనిలో సాయం చేసేవాడు అన్నారు ఇరుగుపొరుగువాళ్ళు. ఈ మెయిర్ 2010లో, అంటే హత్యకు ఆరేళ్ళ ముందు, ఒక స్థానిక పత్రికతో మాట్లాడాడు. మానసికంగా బాధపడేవాళ్ళు వెళ్ళే ఒక కేంద్రం తరఫున అప్పట్లో ఒక పార్కులో మొక్కల పని చేసేవాడు. తనలాంటివాళ్ళు చాలామంది సమాజం నుంచి తెగిపోయి ఒంటరిగా ఉంటారని, ఎందుకూ పనికిరామన్న భావం వాళ్ళను పట్టుకుంటుందని, నలుగురితో కలిసి పనిచేయడం తనకు మందులన్నిటికన్నా ఎక్కువ మేలు చేసిందని చెప్పాడు. చదివినప్పుడు నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. జబ్బు పేరు తనకు తెలుసు. మందు పేరు కూడా తనకు తెలుసు. హత్యకు ముందురోజు సాయంత్రం కూడా, మనసు బాగోలేదని ఊళ్ళో ఒక చికిత్సా కేంద్రం తలుపు తట్టాడని, రేపు రమ్మని చెప్పామని అక్కడివాళ్ళు తర్వాత పత్రికలకు చెప్పారు.

అయితే ఒంటరితనమే అతణ్ణి హంతకుణ్ణి చేసిందా? ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. మన మధ్య ఎంతమంది విధవరాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడ ఒక్కరే ఉండే తల్లిదండ్రులు లేరు? వాళ్ళు ఎవరికీ హాని చేయరు. ఒంటరితనం చాలామందిని లోలోపలే తినేస్తుంది. దానితో ముడిపడిన కారణాల వల్ల ఏటా ఎనిమిది లక్షల డెబ్బై వేల మంది దాకా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో అంచనా చెప్పింది. ఒంటరిగా ఉన్నవాళ్ళందరినీ అనుమానంగా చూస్తే అది ఇంకో పాపమవుతుంది.

మెయిర్ ఇల్లు సోదా చేస్తే నాజీల పుస్తకాలు, గుర్తులు దొరికాయి. అమెరికాలో ఉన్న అలాంటి ఒక గుంపు దగ్గరినుంచి ఏళ్ళ తరబడి పుస్తకాలు తెప్పించుకున్నాడు. తెల్లజాతివాళ్ళే గొప్ప అనే ద్వేషంతో చేసిన హత్య ఇది అని న్యాయమూర్తి తేల్చి, 2016 నవంబరులో, బతికినన్నాళ్ళూ జైల్లోనే ఉండేటట్టు శిక్ష వేశారు. అది న్యాయమే. ఒంటరివాడు గదా అని ఆ రక్తాన్ని ఎవరూ కడగలేరు. నేను చూసేది ఇంకొకటి. మత్తయి సువార్త 12వ అధ్యాయంలో ప్రభువు ఒక ఇంటి సంగతి చెప్పాడు. ఊడ్చి, సర్ది పెట్టిన ఇల్లు. కాని ఖాళీ. ఖాళీగా ఉంది కనుకే వెళ్ళిపోయిన దయ్యం తనకన్నా చెడ్డవాటిని ఏడింటిని వెంటబెట్టుకుని వచ్చి కాపురం పెట్టింది. మనిషి మనసు ఖాళీగా ఉండదండీ. ఇరవై ఏళ్ళు ఆ గుమ్మం ముందు ఎవరూ నిలబడకపోతే, సముద్రం అవతలినుంచి ద్వేషం పోస్టులో వచ్చి కూర్చుంది. ఈ రోజుల్లో దానికి పోస్టు కూడా అక్కర్లేదు. మన పిల్లవాడు గదిలో తలుపేసుకుని పట్టుకున్న ఫోన్లోకి రాత్రి రెండు గంటలకు వస్తుంది. నువ్వు మావాడివి, నీ కష్టానికి ఫలానావాళ్ళే కారణం అని చెబుతుంది. ఆ కుర్రవాడికి ఆ సంవత్సరంలో "నువ్వు మావాడివి" అన్న మొదటి గొంతు అదే కావచ్చు.

జో కాక్స్ చనిపోయాక ఆమె తలపెట్టిన పని ఆగలేదు. 2017లో ఆ కమిషన్ ఆమె పేరు మీదనే పనిచేసింది. ఆమె పోయిన ఏడాదికి, వీధుల్లో బల్లలు వేసి ఇరుగుపొరుగు కలిసి భోజనం చేయండని ఆమె కుటుంబం పిలిస్తే దేశమంతటా జనం వచ్చారు. 2018 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వం ఒంటరితనం సమస్యను చూసే బాధ్యత ఒక మంత్రికి అప్పగించింది. మంత్రిని పెడితే ఒంటరితనం పోతుందా అని నవ్వినవాళ్ళు కూడా ఉన్నారు. నవ్వడం తేలిక. తలుపు తట్టే పని మొదట అప్పగించబడింది మంత్రికి కాదు, మనకు.

ఇప్పుడు మార్కు ఐదో అధ్యాయం. గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య కాపురమున్న ఒక మనిషి. రాత్రీ పగలూ కేకలు వేస్తూ, రాళ్ళతో తన్ను తాను గాయపరచుకుంటూ ఉన్నాడు. ఆ ఊరివాళ్ళు ఏమీ చేయలేదని అనకండి. గొలుసులు తెచ్చారు. కాళ్ళకు సంకెళ్ళు వేశారు. అవి తెగిపోతే మళ్ళీ తెచ్చారు. గొలుసులకు ఖర్చు పెట్టారు, కమ్మరికి డబ్బిచ్చే ఉంటారు. భయపడిన ఊరికి తెలిసిన వైద్యం అదొక్కటే. ప్రభువు వచ్చి ఏం చేశాడు? సముద్రం దాటి వచ్చాడు. పేరు అడిగాడు. ఎన్నేళ్ళయిందో అతణ్ణి ఎవరైనా పేరు అడిగి!

స్వస్థత అయ్యాక జరిగింది ఇంకా విచిత్రం. అతడు బట్టలు కట్టుకుని, మంచి బుద్ధితో కూర్చుని ఉండడం చూసి జనం భయపడ్డారు. కేకలు వేస్తున్నప్పటి భయం అర్థమవుతుంది. బాగుపడ్డాక భయమెందుకు? వాడు సమాధుల్లో ఉండడానికి ఊరు అలవాటు పడింది. ఇప్పుడు వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టుకోవాలి, కంచం పెట్టాలి, అన్నా తమ్ముడా అని పిలవాలి. ఆ మనిషి ప్రభువుతో వచ్చేస్తానని బతిమాలాడు. మనమైతే వెంటనే సేవకు తీసుకుపోతాం, సాక్ష్యాలు చెప్పిస్తాం, పోస్టర్లో ఫొటో వేస్తాం. ప్రభువు ఒప్పుకోలేదు, ఇంటికి పొమ్మన్నాడు, నీవాళ్ళ దగ్గరికి వెళ్ళమన్నాడు. దయ్యాలు పోవడంతో సగం పని అయింది. మిగతా సగం ఆ ఇంటి గుమ్మంలో జరగాలి.

మనిషి ఒంటరివాడు కావడం ఒకటి, మనుషులు కూడబలుక్కుని కొందరిని ఒంటరివాళ్ళను చేయడం ఇంకొకటి. మన నేల మీద దానికి పాతపేరు ఉంది, వెలి. పొలం పనికి పిలవరు, అంగట్లో సరుకివ్వరు, వీధిలో ఎదురైతే ముఖం తిప్పుకుంటారు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991లో అదే జరిగింది. జూలైలో సినిమా హాల్లో మొదలైన చిన్న తగాదా దళితుల సాంఘిక బహిష్కరణ దాకా వెళ్ళింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. నేను కోర్టుల సంగతి మాట్లాడడానికి రాలేదు. వరుస చూడండి అంటున్నాను. ముందు మాట ఆపారు, తర్వాత కత్తి తీశారు. పలకరించే మనిషి మీద కత్తి ఎత్తడం కష్టం, అందుకే ముందు పలకరింపు ఆపుతారు. మరి మన సంఘాల్లో? ఒకే ఊళ్ళో ఒకే ప్రభువు పేరున పేటకొక మందిరం ఎందుకుందో, బల్ల దగ్గర ఎవరి పక్కన ఎవరు మోకరించరో నాకూ తెలుసు, మీకూ తెలుసు. ఎదుటివాళ్ళ వెలి గురించి చెప్పి మన వెలి దాచుకుంటే కయీను చెప్పిన జవాబే మనమూ చెప్పినట్టు.

ఇక నా సంగతి. ఇది చెప్పాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. నేను ఇంతకుముందు సేవ చేసిన సంఘంలో ఒక తమ్ముడు ఉండేవాడు. రాడ్ బెండింగ్ పని. ఆదివారం తబలా వాయించేవాడు. అప్పులు తీర్చడానికి అతని భార్య కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, పిల్లవాణ్ణి అత్తగారివాళ్ళు తీసుకెళ్ళారు. తర్వాత కొన్నాళ్ళకు అతడు స్లాబు మీదినుంచి పడి నడుము దెబ్బతింది. పని పోయింది, మందిరానికి రావడం మానేశాడు. అదే సమయంలో మా మందిరానికి కొత్త కీబోర్డు వచ్చింది, అందులో తాళం అదే వేస్తుంది. తబలా లేని లోటు మాకెవరికీ తెలియలేదు. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. ఏడు నెలలు ఆ తమ్ముడి ఇంటి ముందునుంచే నేను ప్రతి శుక్రవారం పక్క సందులో కుటుంబ ప్రార్థనకు వెళ్ళాను. ఆ ఇంట్లో దీపం ఉండేది కాదు. నిద్రపోయి ఉంటాడులే, వచ్చే వారం చూద్దాం అనుకునేవాణ్ణి.

ఒక రాత్రి, తండ్రి ఇచ్చిన ఇంటిస్థలం దగ్గర మాటా మాటా పెరిగి, సొంత అన్నను గడ్డపారతో కొట్టాడు. అన్న బతికాడు, కుడిచెయ్యి మాత్రం ఇప్పటికీ పైకి లేవదు. నాలుగో రోజున నేను సబ్‌జైలుకు వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియక, తమ్ముడూ ఎంత పని చేశావు అన్నాను. అతడు చాలాసేపు కిందికి చూసి, "మీ బండి చప్పుడు నాకు తెలుసు అయ్యగారూ. ఏడున్నరకి పోయేది, తొమ్మిదిన్నరకి తిరిగొచ్చేది. ఈ వారం ఆగుతుందేమో అనుకునేవాణ్ణి" అన్నాడు. కోపంగా అనలేదు. టైము చెప్పినట్టు చెప్పాడు.

నా బండి ఆగి ఉంటే ఆ గడ్డపార లేచేది కాదని నేను చెప్పలేను. దెబ్బ కొట్టింది తానేనని అతడే ఒప్పుకున్నాడు, శిక్ష అనుభవించాడు. కాని వాడిన ముఖాన్ని దేవుడు ఆరో వచనంలోనే అడిగాడు, నేను ఎనిమిదో వచనం అయిపోయాక వెళ్ళాను. జైలుకు వెళ్ళినందుకు మా సంఘంలో ఒకరిద్దరు నొచ్చుకున్నారు. దెబ్బ తిన్న అన్న దగ్గరికి కదా ముందు వెళ్ళాలి అన్నారు. ముందు ఆసుపత్రికే వెళ్ళాను, కాని వాళ్ళు అడగడం సబబే. ఆ అన్నదమ్ములు ఈ రోజుకీ మాట్లాడుకోవడం లేదు. అన్న ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళినా వదినగారు టీ ఇస్తారు, తమ్ముడి మాట ఎత్తితే లోపలికి వెళ్ళిపోతారు. ఆమెను నేను తొందరపెట్టను.

ఇక్కడ ఒక మాట స్త్రీలకు చెప్పాలి. ఇంట్లో కొట్టే భర్త పక్కన ఉండి వింటున్న చెల్లెమ్మా, అతడు ఒంటరివాడు, పాపం అని దెబ్బలు తింటూ ఉండమని నేను చెప్పడం లేదు. నువ్వు బయటికి రా. పుట్టింటివాళ్ళకు చెప్పు, సంఘంలో నమ్మకమైనవాళ్ళకు చెప్పు, పోలీసులకు చెప్పు. అతని తలుపు తట్టే పని మాది, నీది కాదు.

ఇప్పుడు ఈ ప్రసంగం ఒక్కడే కూర్చుని వింటున్న అన్నతో, తమ్ముడితో మాట్లాడతాను. నీ కడుపులో కోపం ఉడుకుతూ ఉండవచ్చు. ఎవరి మీదనో, లేదా నీ మీద నీకే. కయీను దేవునికి జవాబివ్వలేదు. నువ్వు ఇవ్వు. కేకలు వేసి అయినా ఇవ్వు, ఆయన వింటాడు. తర్వాత ఒక మనిషికి చెప్పు. ఈ రోజు పొద్దుగూకక ముందే ఒక్కరికి చెప్పు. తెలిసినవాళ్ళకు చెప్పలేకపోతే, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ అనే ఫోను ఉంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు. దానికి విశ్వాసం తక్కువైందని ఎవరైనా అంటే వాళ్ళ మాట వినకు.

సంఘాల్లో ఉన్న మనం ఏం చేయాలి అంటే, నాకు పెద్ద పథకాలు తెలియవు. మా దగ్గర చందా పుస్తకం ఉంది. మూడు నెలలు చందా ఆగితే కోశాధికారికి తెలుస్తుంది. మనిషి ఆగిపోతే తెలిసే పుస్తకం లేదు. ఆ సబ్‌జైలు నుంచి వచ్చాక ఒక నోటుబుక్కు కొన్నాం. ఆదివారం రానివాళ్ళ పేర్లు మా స్త్రీల సమాజంలో ఇద్దరు పెద్దమ్మలు రాస్తారు. సోమవారం సాయంత్రం నేనైనా పెద్దలైనా వెళ్తాం. ఫోను చేయం, వాట్సాప్‌లో వాక్యం పంపం, వెళ్తాం. కొందరు విసుక్కుంటారు. చాలాసార్లు ఏమీ జరగదు, మంచినీళ్ళు తాగి వచ్చేస్తాం. ఒక ఇంట్లో అబ్బాయి నాలుగు సోమవారాలు గదిలోంచి బయటికే రాలేదు. ఐదో సోమవారం వచ్చి, మాట్లాడకుండా మా పక్కన కూర్చుని సెల్ చూసుకున్నాడు. అదే చాలనుకుని వచ్చాం.

ఆ పోస్ట్‌మాన్ తాత చేసినది కూడా అంతే. ఉత్తరం ఇచ్చాక ఇంకో రెండు నిమిషాలు నిలబడ్డాడు.

మాస్టారూ, మీరు వింటూ ఉంటే, ఆ రోజు నేను ఇవ్వవలసిన జవాబు ఇంత ఆలస్యంగా ఇచ్చినందుకు క్షమించండి. ఈ సోమవారం నాతో రండి. నోటుబుక్కులో మూడు పేర్లున్నాయి, అందులో ఒకరు మీ పాత విద్యార్థి.

కళ్ళు మూసుకుని ప్రార్థించుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, కయీను ముఖం వాడిన రోజున వచ్చి అడిగిన దేవా, మేము ఆగకుండా వెళ్ళిపోయిన ఇళ్ళు నీకు తెలుసు. మమ్మల్ని క్షమించు. జైళ్ళలో ఉన్నవాళ్ళను, వాళ్ళ చేతిలో దెబ్బ తిన్నవాళ్ళను, ఆ రెండు కుటుంబాలనూ నీ చేతికి అప్పగిస్తున్నాం. మాట్లాడుకోని అన్నదమ్ములను జ్ఞాపకం చేసుకో. ఈ ఉదయం రేడియో తప్ప ఇంకో గొంతు వినపడని ఇంట్లోకి, ప్రభువా, నువ్వే వెళ్ళు, నీ వెంట మమ్మల్ని కూడా తీసుకువెళ్ళు. యేసుక్రీస్తు నామమున అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.